ఊపిరి వదలడంలోనే ఊరట

నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో ఆయాసాన్ని ‘దమ్ము’ అంటారు. ఫార్సీలో ‘దమ్’ అంటే శ్వాస. శ్వాస పేరే వ్యాధికి పేరుగా నిలిచిపోయింది!

ఈ వ్యాధికి మూలాలు మన కళ్లెదుటే ఉన్నాయి. కట్టెల పొయ్యి ముందు ఏళ్ల తరబడి పొగ పీల్చిన తల్లులు, బీడీ మానలేని పెద్దలు, రాతి దుమ్ములో బతుకు వెళ్లదీసిన కూలీలు. షాద్‌నగర్ పరిసరాల్లోని పలుగురాయి మిల్లుల్లో పనిచేసినవారిని సిలికోసిస్ కబళించింది. పాడైన ఊపిరితిత్తులను ఏ వ్యాయామమూ తిరిగి బాగుచేయలేదు. ఆయాసాన్ని మాత్రం అదుపులో ఉంచవచ్చు.

దీర్ఘకాలిక శ్వాసనాళ వ్యాధిలో చిక్కంతా గాలిని వదలడంలోనే ఉంది. ఊపిరి వదిలేటప్పుడు సన్నని నాళాలు ముడుచుకుపోయి, పాత గాలి లోపలే నిలిచిపోతుంది. కొత్త గాలికి చోటుండదు. అది తెలియక రోగి భుజాలెగరేస్తూ ఇంకా ఇంకా పీలుస్తాడు. భయం పెరిగేకొద్దీ ఆయాసమూ పెరుగుతుంది.

కనుక ముందుగా భుజాలు వదులు చేసి, పాదాలు నేలకానించి కూర్చోవాలి. రెండు లెక్కించేంతసేపు ముక్కుతో మెల్లగా పీల్చాలి. వేడి చాయ్‌ను ఊదినట్లు పెదవులు సున్నాలా చుట్టి, నాలుగు లెక్కించేంతసేపు వదలాలి. బలంగా ఊదరాదు. దీపపు వత్తి ముందు ఊదితే మంట వంగాలే గాని ఆరకూడదు. ఆయాసం లేని వేళ రోజూ సాధన చేస్తేనే, ఆయాసం వచ్చిన వేళ ఇది అక్కరకు వస్తుంది. బిందె ఎత్తేటప్పుడు, మెట్లెక్కేటప్పుడు ఊపిరి బిగబట్టక వదులుతూ ఉండాలి. ఆయాసం ముదిరితే మోకాళ్లపై మోచేతులానించి ముందుకు వంగి కూర్చోవడం మేలు. ఆ సమయంలో ఇంటిల్లిపాదీ చుట్టూ మూగి ‘ఏమైంది, ఏమైంది’ అని అడగడం మనవారి అలవాటు. జవాబు చెప్పడానికీ ఊపిరే కావాలి కదా!

కొందరు పెద్దలు ప్రతి రకాతులో రొప్పుతూ కూడా కుర్చీ ముట్టరు. నిలబడలేనివారు కూర్చొని, అదీ చేతకాకుంటే పక్కకు ఒరిగి నమాజు చేయవచ్చునని దైవప్రవక్త (స) ఇమ్రాన్ బిన్ హుసైన్ (ర)కు తెలిపారు. సజ్దాలో ఊపిరాడనివారికి సైగ చాలు. ఇఖామత్ విన్నా పరుగెత్తక నింపాదిగా రమ్మన్న ప్రవక్త బోధ దమ్ము రోగులకు ఎంత వరమో! మస్జిదులో కుర్చీ వేసుకున్నవారిని వింతగా చూసే చూపులు మాత్రం మానాలి. రమజానులో ఉపవాసం పోతుందేమోనని ఎవరినీ అడగకుండా ఇన్‌హేలర్ ఆపేయడం మరింత ప్రమాదం. రోగికి షరీఅత్ మినహాయింపునిచ్చింది. తమ విషయంలో ఏది వర్తిస్తుందో ఆలిమునూ డాక్టరునూ ఇద్దరినీ అడిగి తెలుసుకోవాలి.

రాతి దుమ్ములో పనిచేసినవారికి క్షయ సోకే అవకాశమూ ఎక్కువే. రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించాలి. పెదవులు నీలిబారినా, ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోయినా, మగత కమ్మినా వ్యాయామం పక్కన పెట్టి వెంటనే 108కి ఫోన్ చేయాలి.