నిశానీ నుండి నిదర్శనం వరకు: ఫోరెన్సిక్ సైన్స్‌లో ప్రథమ పాఠం

అక్షరజ్ఞానం లేనివానిని తెలుగువారు 'వేలిముద్రగాడు' అని, ఉర్దూ మాట్లాడేవారు 'అంగూఠా ఛాప్' అని ఎగతాళి చేయడం పరిపాటి. అయితే మనం అజ్ఞానానికి చిహ్నంగా భావించే ఆ ముద్రయే నేడు న్యాయస్థానాలలో నిపుణులు చదివే లిపి. న్యాయనిర్ణయానికి తోడ్పడే విజ్ఞానశాస్త్రాన్ని ఫోరెన్సిక్ సైన్స్ అంటారు. ఇందులో ప్రవేశింపగోరే విద్యార్థికి వేలిముద్రల కథను మించిన ప్రథమ పాఠం లేదని నా అభిప్రాయం.

వ్రేళ్ళపై గల గీతలు శిశువు తల్లి గర్భంలో ఉన్నప్పుడే ఏర్పడతాయి. చర్మం లోతుగా దెబ్బతింటే తప్ప జీవితాంతం మారవు. ఒకే రూపు గల కవలలకు సైతం ఇవి వేరువేరుగా ఉంటాయి. గీతల అమరికను బట్టి వీటిని ముఖ్యంగా విల్లు, ఉచ్చు, సుడి అని మూడు తెగలుగా విభజింపవచ్చును.

1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి ఒక ఒప్పందపత్రంపై గుత్తేదారుని చేతిముద్ర వేయించుకున్నాడు. 1892లో ఫ్రాన్సిస్ గాల్టన్ ఈ విషయంపై ఒక గ్రంథం ప్రకటించాడు. కాని పెద్ద చిక్కు మిగిలే ఉన్నది. వేలకొలది కాగితాల నుండి కావలసిన ముద్రను వెదకి తీయడం ఎట్లా?

ఆ చిక్కు విడదీయడంలో బెంగాల్ పోలీసు అధిపతి ఎడ్వర్డ్ హెన్రీకి తోడ్పడినవారు ఖాజీ అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. హక్ గణితం చదివినవాడు. వారి పద్ధతిలో పది వ్రేళ్ళను ఐదు జతలు చేసి, ఆ జతలకు వరుసగా 16, 8, 4, 2, 1 అని విలువలు ఇస్తారు. సుడి ఉన్న వ్రేలికి మాత్రమే ఆ విలువ లభిస్తుంది. ప్రతి జతలోని ఒక వ్రేలిని ఒక మొత్తంలో, రెండవ వ్రేలిని మరొక మొత్తంలో చేర్చి, రెండింటికీ ఒకటి కలుపుతారు. ఒక్కొక్క మొత్తం 1 నుండి 32 వరకు ఉండవచ్చును. 32ను 32తో గుణిస్తే 1024 గళ్ళు. ఇక వెదకవలసినది వాటిలో ఒక్క గడిలోనే! 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలసింది. 1901లో లండన్‌లోని స్కాట్లాండ్ యార్డ్ ఈ పద్ధతిని స్వీకరించింది. పేరు మాత్రం హెన్రీకి దక్కింది. హక్, బోస్‌ల పేర్లు చాలాకాలం మరుగున పడిపోయాయి.

ఆ తొలి రోజులలోనే జల్పాయిగురి ప్రాంతంలో ఒక తేయాకు తోట మేనేజరు హత్యకు గురయ్యాడు. అక్కడి పంచాంగంపై కనిపించిన నెత్తుటి ముద్ర, పాత నేరస్థుడైన ఒక మాజీ సేవకుని ముద్రతో సరిపోయింది. 1898లో న్యాయస్థానం అతనిని దొంగతనానికి శిక్షించింది గాని హత్యానేరం రుజువైనట్లు తీర్పు చెప్పలేదు. ముద్ర ఆ చేయి అక్కడ తగిలిందని చెప్పగలదు. ఆ చేయి ఏమి చేసిందో చెప్పజాలదు. ఈ వివేకమే ఈ శాస్త్రానికి ప్రాణం.

ఆ వివేకం లోపిస్తే ఏమగునో 2004 తెలిపింది. మాడ్రిడ్ రైళ్ళలో బాంబులు పేలిన పిమ్మట, దొరికిన ముద్ర ఒక అమెరికన్ న్యాయవాదిదేనని ఆ దేశపు ఎఫ్.బి.ఐ. నిపుణులు నిర్ధారించారు. ఆయన ఇస్లాం స్వీకరించినవాడు. నిరపరాధియైన ఆయన సుమారు రెండు వారాలు నిర్బంధంలో గడిపాడు. ఆ ముద్ర మరొకనిదని స్పెయిన్ పోలీసులు తేల్చగా, ఎఫ్.బి.ఐ. క్షమాపణ చెప్పుకొన్నది. గీతలు అబద్ధమాడలేదు, చదివిన కన్ను పొరబడింది.

అందుచేతనే మన చట్టం నిపుణుని అభిప్రాయాన్ని పరిశీలనార్హంగానే అంగీకరిస్తుంది, తీర్పు న్యాయాధిపతిదే. 1872 నాటి సాక్ష్య చట్టంలోని ఈ సూత్రం 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ నిలిచింది.

విద్యార్థులారా! భౌతిక, రసాయన, జీవశాస్త్రాలు చదివినవారికి ఈ రంగంలో ఉన్నత విద్యకు అవకాశాలు కలవు. మన హైదరాబాదులోనే కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల ఉన్నది. అయితే పరికరాలకన్న ముందు అలవరచుకోవలసినది 'నేను పొరబడి ఉండవచ్చునా?' అని ప్రశ్నించుకొనే గుణం. మీ సంతకం క్రింద ఒక మనిషి స్వేచ్ఛ ఉంటుందని మరువకండి.