ఆలయ కుడ్యాలపై దాతల అక్షరాలు

దర్శనానికి వరుసలో నిలిచిన భక్తులు అలసి ప్రాకారపు గోడకు చేయి ఆనించడం సహజం. ప్రాచీనాలయాల్లో కొన్నిచోట్ల ఆ చేతికి సన్నని గాట్లు తగులుతాయి. తేరిపార చూస్తే అవి అక్షరాల వరుసలని తెలుస్తుంది. ఒక గృహస్థో, ఒక సేనాని భార్యో, ఒక వర్తకుడో, ఒక చక్రవర్తియో ఆ స్వామికి ఏమి సమర్పించుకున్నారో, ఆ సొమ్ముతో ఏ కైంకర్యం నడవాలని కోరుకున్నారో ఆ వరుసల్లో ఉన్నది. నేడు దేవాలయాలకు విరాళాలిచ్చే మహాశయులందరికీ వారు పూర్వీకులు. వారి దానపత్రాలను చదివే తీరు ఎట్టిదో, వాటిపట్ల మన బాధ్యత ఏమిటో ఈ వ్యాసంలో మనవి చేస్తాను.

శాసనం అనగానే రాజాజ్ఞ అని అర్థం చెప్పుకోవడం పరిపాటి. ‘శాస్’ ధాతువునకు ఆజ్ఞాపించుట, బోధించుట అని రెండర్థాలూ ఉన్నాయి. ఆలయ శాసనాలకు రెండవ అర్థమే బాగా పొసగుతుందని నా అభిప్రాయం. ద్రాక్షారామ భీమేశ్వరాలయంలో గోడలమీద, స్తంభాలమీద వందల కొలది శాసనాలున్నాయి. అన్నీ రాజులు వేయించినవి కావు; స్త్రీలు ఇచ్చిన దానాలు అందులో చాలా ఉన్నాయి. తిరుమల తిరుపతి ఆలయాల శాసనాలు వెయ్యికి పైబడినవి. దేవస్థానం వారు 1931 మొదలుకొని వాటిని సంపుటాలుగా ప్రకటించారు.

శాసనానికి ఒక క్రమం ఉన్నది. విడిగా నిలిపిన రాతిపై అయితే మొదట శిరోభాగాన సూర్యచంద్రుల బొమ్మలు కనబడతాయి. అవి అలంకారానికి చెక్కినవని కొందరు అనుకుంటారు. ఆ సూర్యచంద్రులు ఉన్నంతవరకు ఈ దానం చెల్లాలని వాటి భావం. అదే మాట లోపల ‘ఆచంద్రార్కం’ అని అక్షరాల్లోనూ వస్తుంది. అక్షరం రాని గొల్లవానికీ, కాపుకూ కూడా ఇది దేవుని మాన్యమని దూరంనుంచే తెలియడానికి ఆ బొమ్మ ఉపకరించింది. తరువాత ‘స్వస్తిశ్రీ’. ఆ పిమ్మట కాలం, పాలిస్తున్న రాజు, దాత పేరు, దానం, దాని వినియోగం, చివర ఫలశ్రుతి, శాపవాక్యం.

కాలం చెప్పే పద్ధతిలో మన పూర్వులు కొంత చమత్కారం చూపించారు. గద్యమైతే శకవర్షాన్ని అంకెల్లోనే వేస్తారు. శ్లోకంలోనో పద్యంలోనో అంకెలు ఇమడవు గనుక సంఖ్యకు బదులు వస్తువును చెప్తారు. భూమి ఒకటి, కన్నులు రెండు, గుణాలు మూడు, వేదాలు నాలుగు, బాణాలు అయిదు, వసువులు ఎనిమిది. పైగా ఒకట్ల స్థానంనుంచి మొదలుపెట్టి ఎడమకు నడుస్తారు. ఉదాహరణకు నేనే ఒకటి కూరుస్తాను: ‘వసు గుణ వేద భూ’. వరుసగా ఎనిమిది, మూడు, నాలుగు, ఒకటి. వెనుకనుంచి చదివితే 1438. శకవర్షానికి 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది కాబట్టి ఇది 1516. జనవరి దాటిన తరువాత, ఉగాదికి ముందు వచ్చే తిథులకు 79 కలపాలి.

ఆ సంవత్సరాన్ని ఊరకే ఎంచుకోలేదు. సింహాచలంలో శ్రీకృష్ణదేవరాయల శాసనం ఆ శకవర్షానిదే. తన తల్లిదండ్రుల పుణ్యార్థం వరాహనరసింహస్వామికి 991 ముత్యాల హారాన్ని సమర్పించినట్లు రాయలు అందులో చెప్పుకున్నాడు. వెయ్యి అనలేదు, సుమారుగా అనలేదు. ముత్యాలు లెక్కపెట్టి వ్రాయించాడు. దేవుని సొమ్ముకు లెక్క చెప్పడంలో చక్రవర్తికి కూడా మినహాయింపు లేదన్నమాట. తిరుమలలోనూ అంతే. 1513లో తొలిసారి కొండకు వచ్చినప్పుడు కర్పూరహారతికి ఇచ్చిన వెండి పళ్లెరాలు 25 అనీ, 1514లో ఉదయగిరి విజయం తరువాత చేసిన కనకాభిషేకానికి 30,000 వరహాలనీ శాసనాలు స్పష్టంగా చెప్తున్నాయి.

అయితే నా మనసుకు ఎక్కువగా పట్టినవి ముత్యాల శాసనాలు కావు, దీపాల శాసనాలు. అఖండదీపం వెలగాలంటే ప్రతిదినం నెయ్యి కావాలి. ఒక్కసారి నేతికుండ ఇస్తే అది అయిపోతుంది. ధనం ఇస్తే ఖర్చైపోతుంది. అందుచేత పూర్వులు మందను ఇచ్చారు. తంజావూరు బృహదీశ్వరాలయంలో రాజరాజచోళుని కాలపు శాసనాల ప్రకారం ఒక్క దీపానికి 96 గొఱ్ఱెలు. ఆ మందను తీసుకున్న కాపరి దినానికి ‘ఉళక్కు’ అనే కొలతతో నెయ్యి ఆలయానికి కొలవాలి. ముసలివి పోతే పిల్లలు పెరుగుతాయి, మంద తరగరాదు. ఆ మందను తమిళంలో చావనివీ ముదియనివీ అయిన గొఱ్ఱెలు అన్నారు. తెలుగునాట కూడా ఇదే ఏర్పాటు. పశువులను పేరుతో సహా ఒక కాపరికి అప్పగించి, వాని సంతతివారు కూడా నెయ్యి పోయవలసినదని వ్రాసేవారు.

ఈనాడు మీరు ఒక మొత్తం చెల్లిస్తే, దానిని నిధిలో ఉంచి, వచ్చిన వడ్డీతో ఏటా మీ పేర పూజ జరిపే శాశ్వతపూజా పథకాలున్నాయి కదా! మూలం చెడకూడదు, ఫలం మాత్రమే వాడాలి అన్న ఆ సూత్రం ఈ మందలదే. బ్యాంకులు పుట్టకముందే గొఱ్ఱెలతో దానిని నడిపించారు. ఆ కాపరి కుటుంబం కూడా దానివల్లనే బ్రతికింది. మిగిలిన పాలు, ఉన్ని వారివి. ఒక దానం చేస్తే దేవునికి దీపమూ మనిషికి జీవికా రెండూ నిలిచే విధంగా ఆలోచించినవారిని నేను మనసారా మెచ్చుకుంటాను.

దానవిషయాలే గాక ఇతర సంగతులూ ఆలయాల్లో చెక్కించారు. సముద్రతీరాన ఉన్న మోటుపల్లిలో, వీరభద్రాలయంలో కాకతి గణపతిదేవుని అభయశాసనం ఉన్నది, కాలం 1244. పూర్వపు రాజులు తుఫానుకు చెదిరి ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును స్వాధీనం చేసుకునేవారు. తాను అట్లా చేయననీ, ముప్పదింట ఒక వంతు సుంకం మాత్రమే తీసుకుంటాననీ గణపతిదేవుడు దూరదేశాల వర్తకులకు అభయమిచ్చాడు. రుద్రమదేవి కాలంలో, 1261లో, విశ్వేశ్వర శివాచార్యులు వేయించిన మల్కాపురం స్తంభశాసనంలో మఠం, అన్నసత్రం, విద్యాలయం, వైద్యశాల ఉన్నాయి. ప్రసూతిశాల కూడా ఉన్నది. దాదాపు ఏడు వందల అరువది ఏండ్ల క్రిందట ఒక దేవాలయపు ఆదాయంలో పురిటి స్త్రీలకు భాగం ఉండేదని ఆ రాయి లేకపోతే మనకు తెలిసేది కాదు. శ్రీకూర్మంలో ద్వైతాచార్యులైన నరహరితీర్థుల శాసనం 1281 నాటిది. ఆ మహనీయుని చరిత్రకు ముఖ్యమైన ఆధారాల్లో అది ఒకటి. తెలుగుభాష సంగతి చెప్పనే అక్కరలేదు. రేనాటి చోళుడైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కాలంలో, సుమారు 575 ప్రాంతంలో వేసిన మొదటి తెలుగు శాసనం కడప జిల్లా కలమళ్ల గ్రామంలో ఒక ఆలయ ప్రాంగణంలోనే నిలిచి ఉన్నది. రాజధానులు శిథిలమైపోయాయి, పల్లెటూరి గుడి దానిని కాపాడింది.

ఇంతకాలం గుడి కాపాడినవాటిని గుడిలోనే పోగొట్టుకుంటున్నాము. ఈ మాట వ్రాయడానికి బాధగా ఉన్నది, కాని వ్రాయకతప్పదు.

సుమారు పదునైదేండ్ల క్రితం ఒక గ్రామంలో శివాలయ పునఃప్రతిష్ఠకు నన్ను పిలిచారు. ముఖమంటపం గోడలకు నిలువెత్తున మెరిసే పలకలు అతికించి ఉన్నారు. వృద్ధుడైన అర్చకుడు నన్ను ఒక మూలకు తీసుకువెళ్లి, పలకమీద చేయి ఉంచి, “ఇక్కడే నండీ, చీమలబారులాగా అక్షరాలుండేవి. చిన్నప్పుడు మా తాతగారు వాటిమీద నా వేలు పెట్టించి దిద్దించేవారు” అన్నాడు. ఎవరూ చదవలేదట, ఎవరూ నకలు తీయలేదట. పలకలు వేయించిన దాత దూరదేశంలో ఉంటున్న ఆ ఊరి బిడ్డ. భక్తితో, నిండుమనసుతో ఇచ్చినవాడు. ఆయన పేరు నల్లరాతిపై బంగారువన్నె అక్షరాల్లో ద్వారం ప్రక్కనే ఉన్నది. పూర్వదాత ఎవరో తెలుసుకునే ఉపాయం లేదు.

దోషం ఆ దాతది అనలేను. ఆయనకు చెప్పేవారు లేకపోయారు. పంఖా రెక్కలమీద, గంటమీద, కుర్చీమీద కూడా పేరు వ్రాయించుకునే కాలం మనది. పేరు నిలవాలనే కోరికను నేను తప్పుపట్టను, పూర్వులకూ అది ఉన్నది కనుకనే ఈ శాసనాలున్నాయి. కాని ఆ పూర్వులే శాసనాల చివర ఒక ధర్మాన్ని పదేపదే చెక్కించారు. దాని భావమిది: తాను దానమివ్వడం కంటె ఇతరులిచ్చిన దానాన్ని పాలించడం రెట్టింపు పుణ్యం, ఇచ్చినదానిని హరించినవాడు అరువదివేల ఏండ్లు అమేధ్యంలో పురుగై పడి ఉంటాడు. ఆ శాపం భూమిని అపహరించేవానికి ఉద్దేశించినది. దానపత్రాన్ని రూపుమాపితే ఆ భూమి ఎవరిదో చెప్పే సాక్షి కూడా పోతుంది కనుక రెండూ ఒక దారిలోనివే అని నాకు తోస్తుంది.

ఏవి హాని చేస్తాయో సూటిగా చెప్తాను. అన్నింటిలో ఘోరమైనది ఇసుకను గాలి ఒత్తిడితో చిమ్మి రాతిని శుభ్రం చేయడం. మసి, జిడ్డు నిజంగానే పోతాయి, ఆలయం క్రొత్తగా మెరుస్తుంది. రాతి పైపొర కూడా పోతుంది. అక్షరం లోతు కొద్దిపాటిదే కనుక ఒకటి రెండుసార్లకే అరిగిపోతుంది. నూనెరంగులు రాతి రంధ్రాలను మూసి లోపలి తేమను బంధిస్తాయి. కొంతకాలానికి రాయి పొరలుగా ఊడుతుంది. పలకలు, సిమెంటు పూత సంగతి పైన చెప్పినదే. తలుపులకు, విద్యుత్తు తీగలకు గోడ తొలిచేటప్పుడు కూడా పంక్తులు తెగుతుంటాయి. సున్నం వీటితో పోలిస్తే సాధువు. నిపుణులు దానిని నెమ్మదిగా తొలగిస్తే క్రింద అక్షరం తరచుగా క్షేమంగానే ఉంటుంది.

నకలు తీయించడం పెద్ద ఖర్చుతో కూడిన పనీ కాదు. రాతిని నీటితో కడిగి, తడిపిన కాగితాన్ని దానిమీద పరచి, కుంచెతో తట్టుతారు. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. పైన సిరా అద్దితే నేల నల్లగా, అక్షరం తెల్లగా తేలుతుంది. ఈ విద్యకు పూర్వమే, కర్నల్ మెకంజీ కొలువులో ఏలూరువారైన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊరూరా తిరిగి శాసనాలకు ప్రతులు వ్రాయించారు. బొర్రయ్య 1803లో నిండా ముప్పై ఏండ్లు రాకుండానే గతించాడు. ‘దక్షిణ భారత శాసనాలు’ అనే ప్రభుత్వ సంపుటాలు 1890నుంచి వెలువడుతున్నాయి. ఆ ప్రతుల్లో మాత్రమే మిగిలి, రాయి కనబడకుండా పోయినవి కూడా ఉన్నాయి.

మీ ఊరి గుడిలో అక్షరాలు కనబడితే పసుపు, విభూతి, నూనె, సుద్ద ఏవీ పూయకండి, మేకుతో గీకకండి. ఉదయం గాని సాయంకాలం గాని ఏటవాలు వెలుగు పడేవేళ ఛాయాచిత్రం తీయండి. చీకటి మంటపంలోనైతే సెల్‌ఫోను దీపాన్ని ప్రక్కనుంచి పట్టితే చాలు. ఆ చిత్రాన్ని ఆలయ కార్యనిర్వహణాధికారికి గాని ధర్మకర్తలకు గాని ఇచ్చి, రాష్ట్ర పురావస్తుశాఖకు లేదా మైసూరులోని కేంద్ర శాసన విభాగానికి పంపించవలసినదిగా కోరండి. జీర్ణోద్ధరణకు ద్రవ్యమిచ్చే దాతలు తమ ఉత్తరంలో ఈ ఒక్క వాక్యం చేర్చితే బాగుంటుంది: “పాత గోడలను, స్తంభాలను, నేలపై పరచిన రాళ్లను తాకకముందే వాటిపై లేఖనాలున్నవేమో పరీక్షింపజేసి, ఉన్నచో నకలు తీయించిన పిమ్మటనే ఈ ద్రవ్యం వినియోగించవలెను, లేఖనమున్న రాతిని కప్పరాదు.” నకలుకు అయ్యే ఖర్చును కూడా ఆ విరాళంలోనే కలపవచ్చు.