దానమిచ్చిన మూత్రపిండాన్ని దేహం కాదనకుండా

తల్లి తన మూత్రపిండాన్ని కుమారునికి ఇస్తుంది. రక్తవర్గం కలుస్తుంది, శస్త్రచికిత్స సఫలమవుతుంది. అయినా కుమారుని శరీరం ఆ అవయవాన్ని తిరస్కరించకుండా ఉండటానికి మందులు తప్పవంటారు వైద్యులు. నవమాసాలు మోసిన తల్లి అవయవం బిడ్డ దేహానికి పరాయిదెలా అవుతుంది? ఇది అమాయకమైన ప్రశ్నగా మేము భావించడం లేదు. ఈ చికిత్స అంతా దీని చుట్టూనే తిరుగుతోంది.

బిడ్డకు జన్యువులు సగం తల్లి నుంచి, సగం తండ్రి నుంచి సంక్రమిస్తాయి. తల్లి మూత్రపిండంలో బిడ్డకు రాని మిగతా సగానికి చెందిన గుర్తులు కూడా ఉంటాయి. రక్తంలో కాపలా కాసే టి-కణాలు ఆ గుర్తులనే చూస్తాయి. ఇచ్చింది ఎవరన్నది వాటికి పట్టదు. 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో డాక్టర్ జోసెఫ్ ముర్రే బృందం చేసిన మూత్రపిండ మార్పిడి విజయవంతం కావడానికి కారణం దాత, గ్రహీత ఒకే పోలికగల కవల సోదరులు కావడమే. అంతటి అదృష్టం ఎందరికి ఉంటుంది?

మిగిలినవారి కోసం వైద్యులు వెతికిన మార్గాల్లో యాంటీబాడీల చికిత్స ఒకటి. క్రిములను పట్టుకోవడానికి శరీరం తయారుచేసుకునే ప్రోటీన్లే యాంటీబాడీలు. వాటినే బయట తయారుచేసి, మార్పిడి సమయంలో రోగి టి-కణాలపైకి పంపుతారు. కాపలాదారును కాసేపు ఆపడానికి మరో కాపలాదారును నియమించడం వంటిదిది.

తొలి ప్రయత్నం సులువుగా సాగలేదు. 1986లో అమెరికాలో ఆమోదం పొందిన ఓకేటీ-3 మానవ చికిత్సకు అనుమతి లభించిన మొట్టమొదటి మోనోక్లోనల్ యాంటీబాడీ. తిరస్కరణ మొదలైన మూత్రపిండాలను అది కాపాడింది. కాని అది ఎలుక కణాల నుంచి వచ్చినది. తొలి మోతాదుతోనే తీవ్రమైన జ్వరం, వణుకు వచ్చేవి. కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరేది. పైగా రోగి శరీరం ఆ మందునే పరాయిదిగా గుర్తించి దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారుచేసేది. నేడు అది వాడుకలో లేదు.

దాని స్థానంలో 1998 నుంచి బాసిలిక్సిమాబ్ వచ్చింది. దీనిలో అధికభాగం మానవ ప్రోటీనే. టి-కణాలను ఇది చంపదు. అవి రెచ్చిపోయి సంఖ్య పెంచుకోవడానికి అందే సంకేతాన్ని మాత్రం అడ్డుకుంటుంది. పెద్దలకు 20 మిల్లీగ్రాములు శస్త్రచికిత్సకు ముందు రెండు గంటల్లోపు, మరో 20 మిల్లీగ్రాములు నాలుగో రోజున నరం ద్వారా ఇస్తారు. తిరస్కరణ ముప్పు ఎక్కువగా ఉన్నవారికి కుందేళ్ల నుంచి సేకరించిన ఏటీజీ అనే మందును ఎంచుకుంటారు. అది టి-కణాల సంఖ్యనే బాగా తగ్గించివేస్తుంది.

ఎవరికి ముప్పు ఎక్కువ? లోగడ రక్తం ఎక్కించుకున్నవారికి, ఒకసారి మార్పిడి జరిగినవారికి, అనేక కాన్పులైన స్త్రీలకు. ఈ చివరి మాట మన కుటుంబాల్లో చాలామందికి తెలియదు. గర్భస్థ శిశువులో తండ్రి గుర్తులు ఉంటాయి గనుక తల్లి రక్తంలో వాటికి వ్యతిరేకంగా యాంటీబాడీలు పుట్టి నిలిచిపోవచ్చు. భర్త సంతోషంగా భార్యకు మూత్రపిండం ఇస్తానని ముందుకొచ్చినా, ఆయన పిల్లలను కన్న కారణంగానే ఆమె రక్తం దాన్ని ఒప్పుకోకపోవచ్చు. ఇందులో ఎవరి తప్పూ లేదు, ప్రేమలో లోపమూ లేదు. దీన్ని ముందే పసిగట్టేందుకే దాత కణాలను, గ్రహీత రక్తాన్ని కలిపి చూసే క్రాస్‌మ్యాచ్ పరీక్ష. కుదరకపోతే దారులన్నీ మూసుకుపోవు. దగ్గరి బంధువులైన దాతలను రెండు కుటుంబాలు పరస్పరం మార్చుకునే పద్ధతిని మన దేశ చట్టం అనుమతిస్తోంది.

ఇంత ఖరీదైన ఇంజెక్షను తీసుకున్నాం గనుక ఇక భయం లేదనుకోవడం పెద్ద పొరపాటు. బాసిలిక్సిమాబ్ రక్షణ కొద్ది వారాలకే పరిమితం. ఆ తర్వాత భారమంతా టాక్రోలిమస్, మైకోఫెనోలేట్ వంటి రోజువారీ మాత్రలదే. ఆ మూత్రపిండం పనిచేసినన్నాళ్లూ అవి ఉండాల్సిందే. ఆరోగ్యం కుదుటపడింది కదా అని కొందరు, డబ్బు సర్దలేక కొందరు వాటిని మానేస్తారు. తిరస్కరణ తరచూ నొప్పి లేకుండానే వస్తుంది. క్రియాటినిన్ పెరిగినప్పుడు గాని తెలియదు. డబ్బే ఇబ్బందయితే ఆ సంగతి దాచకుండా వైద్యునికి చెప్పాలి. కాపలా తగ్గించినందుకు మూల్యమూ ఉంది. క్షయ సహా అంటువ్యాధులు సులభంగా సోకుతాయి గనుక జ్వరాన్ని ఇంటి వైద్యంతో గడిపివేయరాదు.

రమజాన్ మాసంలో మరో ప్రశ్న ఎదురవుతుంది. సాధారణ టాక్రోలిమస్‌ను పన్నెండు గంటలకోసారి వేసుకోవాలి. మన ప్రాంతంలో సహరీకి, ఇఫ్తార్‌కు మధ్య ఎడం అంతకు మించే ఉంటుంది. వేసవిలో నీరు లేకపోవడమూ మూత్రపిండానికి భారమే. వ్యాధిగ్రస్తులకు ఉపవాసం నుంచి సడలింపు దివ్యఖుర్‌ఆన్‌లోనే ఉంది. ఉపవాసం ఉండాలన్న తపన ఉన్నవారు నెల మొదలయ్యాక కాదు, చాలా ముందే తమ వైద్యుని అడగాలి. మందు వేళలను సొంతంగా మార్చుకోరాదు.

ఇంకొక చిన్న విషయం. రక్తంలో టాక్రోలిమస్ ఎంత ఉందో చూసే పరీక్షకు వెళ్లే ఉదయం ఆ మాత్రను ముందుగా వేసుకోకూడదు. వెంట తీసుకెళ్లి, రక్తం ఇచ్చాక వేసుకోవాలి.