కొండపల్లి: సరిహద్దు కోట, కోట క్రింది ఊరు

విజయవాడకు వాయవ్య దిశను, సుమారు 20 కిలోమీటర్ల దూరమున కొండపల్లి కోట కలదు. కృష్ణా డెల్టా చేలు వెనుకబడి కొండల వరుస మొదలగు చోట, కోస్తానుండి తెలంగాణమునకు పోవు దారిని కనిపెట్టుటకు అనువుగా అది నిలిచియున్నది.

14వ శతాబ్దమున రెడ్డిరాజులు కట్టించిన ఈ దుర్గము తరువాత గజపతుల వశమైనది. శ్రీకృష్ణదేవరాయలు 1515లో కొండవీటిని గెలిచి, పిదప కృష్ణ దాటి దీనిని పట్టుకొనెను. కాని సంధి కుదిరినపుడు కృష్ణకు ఉత్తరపు భూములను గజపతికి తిరిగి ఇచ్చివేసెను. ఆనాడు నదియే సరిహద్దు; కొండపల్లి దానిని కాచు కోట. అటుపిమ్మట గోలకొండ సుల్తానులు, మొగలులు, 1766లో ఆంగ్లేయులు దీనిని పొందిరి.

ఇన్ని చేతులు మారిన కోటవలన చివరకు మిగులునదేమి? దీనికి రోమకుల కోట యొకటి మంచి నిదర్శనము. రోమకులు మనకు బొత్తిగా పరాయివారు కారు. వారి బంగారు నాణెములు మన వినుకొండలోనే దొరికినవి. వారు బ్రిటన్ ద్వీపమున క్రీ.శ. 122లో, హేడ్రియన్ చక్రవర్తి ఆజ్ఞపై, సుమారు 117 కిలోమీటర్ల సరిహద్దు గోడను ఆరంభించిరి. ఆ గోడకు చేరువనే విండోలాండా అను కోట కలదు. కోట వెలుపల వర్తకులు, పనివారు, సైనికుల కుటుంబములు ఊరు కట్టుకొనిరి. గాలి చొరని అచటి తడినేలలో, సిరాతో వ్రాసిన పలుచని చెక్క పలకలు 1973 నుండి బయటపడినవి. ఒక సేనాని భార్య స్నేహితురాలిని తన పుట్టినరోజునకు పిలిచిన లేఖయు వానిలో నున్నది. రాతిగోడ చెప్పలేని ఇంటిమాట చెక్క చెప్పినది.

కొండపల్లిలోను అంతే. సైన్యములు పోయినవి, కోట క్రింది ఊరు నిలిచినది. అచటి పనివారు తెల్లపొణికి కర్రను ఆరబెట్టి, భాగములుగా చెక్కి, చింతపిక్కల పొడియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో అతికి, రంగులు వేయుదురు. దశావతారములు, అంబారీ ఏనుగు, తాడి నెక్కు గీతగాడు మన బొమ్మల కొలువులకు వచ్చునది అచటినుండియే.

ఆ తెల్లపొణికి చుట్టుపట్ల కొండల అడవిలో పెరుగును. నానాటికి అది తరిగిపోవుచున్నది. కూలిన గోడను మరల కట్టవచ్చును; చెట్టు పోయినచో బొమ్మయు పోవును. కావున కోటతోపాటు ఆ అడవిని కూడ కాపాడుకొనవలెను. కోట చూడబోవు శ్రోతలు దిగివచ్చునపుడు పనివారి వాకిట కొంతసేపు నిలిచి, ఒక బొమ్మనైనను కొనవలెనని మా మనవి.