కరువు సీమలో వ్యాపారవిద్య

వ్యాపార నిర్వహణ విద్య యనగానే మన విద్యార్థులలో పెక్కుమందికి బొంబాయి, బెంగుళూరు నగరములందలి మేడలును, అందు చల్లని గదులలో గూర్చుండు అధికారులును మనస్సునకు దోచుదురు. అది వర్తకుల బిడ్డలకే గాని సేద్యగాండ్ర బిడ్డల కెందులకని యనువారు మరికొందరు. ఈ రెండు తలంపులును సరికావని మా యభిప్రాయము.

మన అనంతపురము పీఠభూమి పడమటి కనుమల చాటున నున్నది. నైరుతి మేఘములు కనుమల కావలనే కురిసి, రిక్తహస్తములతో మనవైపు వచ్చును. తూర్పు సముద్రము దూరమగుటచే ఈశాన్యపు వానయు మనకు కొసరు మాత్రమే. సాలీనా కురియునది సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు వేళకు రాదు. జూను, జూలై మాసములలో విత్తిన వేరుశనగకు ఊడలు దిగు సమయమున వాన మొగము చాటుచేసినచో కాయ కట్టదు. ఇట్టిచోట సేద్యమును మించిన వ్యాపారము వేరొకటి లేదు. పెట్టుబడి, కూలి, అప్పు, ధర, నష్టభయము అన్నియు నిందు గలవు. సామాన్యముగా లేనిది లెక్కపుస్తక మొక్కటియే.

ఒక ఉదాహరణము చూతము. అంకెలు మేము కల్పించినవే; లెక్క తేలికగుటకు గుండ్రముగా దీసికొంటిమి. ఒక రైతు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీపై 60,000 రూపాయలు తెచ్చి వేరుశనగ పెట్టెను. ఆరు నెలలకు పంట 1,00,000 రూపాయలకు అమ్మెను. నలువది వేలు లాభమని యింటిల్లిపాది సంతోషించిరి. కాని వడ్డీ 7,200 రూపాయలు. ఇంటిలోని విత్తనము 15,000 రూపాయలు. దానిని కొనలేదు గనుక ఖర్చు కాదని విడిచిరి. ఆలుమగలు తమ చేనిలో చేసిన పని, పరుల చేనిలో చేసియున్నచో 12,000 రూపాయల కూలి యగును. పశువులకు మిగిలిన కట్టె 4,000 రూపాయలని జమ కట్టుదము. అంతయు గూడి తీసివేయగా నికరముగా మిగిలినది 9,800 రూపాయలు మాత్రమే.

మరుసటి యేడు వాన రాలేదు. కోతకూలి తప్పినను నష్టము 70,000 రూపాయలనుకొందము. దానిని పూడ్చుటకు ఏడు మంచి యేండ్ల మిగులును చాలదు! మొదటి యేటి నలువది వేలను లాభమని నమ్మి బోరు త్రవ్వించినవాడు రెండవ యేట విత్తనములకు మరల అప్పు చేయును. పొలము తాకట్టు పడుటకు, కుటుంబము మూటాముల్లె సర్దుకొని బెంగుళూరు బండి యెక్కుటకు వాన యొక్కటియే కారణమని మేము చెప్పజాలము.

వ్యాపార విద్యలో మొట్టమొదట నేర్పునది ఈ దాగిన ఖర్చులను వెలికి దీయుటయే. ఏనాటి పద్దు ఆనాడు చిట్టాలో వ్రాసి, పేరు పేరున ఆవర్జాకు ఎక్కించుట మన వర్తకులు ఎరిగినదే. ప్రతి పద్దును రెండు ఖాతాలలో, ఒకచోట జమగను మరియొకచోట ఖర్చుగను వ్రాయు పద్ధతిని 1494లో లూకా పాచియోలి యను సన్న్యాసి వెనిసు నగరమున అచ్చువేయించిన గణితగ్రంథములో వివరించెను. ఇంటి సొమ్ము వేరు, వ్యాపారపు సొమ్ము వేరు అను నియమము గూడ నేర్పుదురు. ఇది వినుటకు చిన్న మాటయే. పాటించుట మాత్రము మిక్కిలి కష్టము. పెండ్లి వచ్చిన యింట ఎందరు పాటింపగలరు? తరువాత నష్టభయమును పంచుట. వేరుశనగ సాళ్ల నడుమ కంది వేయుట, నాలుగు గొర్రెలను పెంచుట మన పెద్దలకు దెలిసిన నిర్వహణమే. పంటల బీమా రుసుమును దండుగ యనక ఖర్చులలో వ్రాయుట క్రొత్తది. పట్టునూలు ధర పెరిగిన నెలలో ధర్మవరపు నేతగానికిని ఇవే సూత్రములు పనికివచ్చును.

ఊరివారికి చేరువలో, తక్కువ రుసుముతో, బ్రతుకుతెరువునకు దగిన చదువు చెప్పు కళాశాలలను అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలందురు. ఇల్లినాయిసు రాష్ట్రమున జోలియెట్ పట్టణపు కళాశాల 1901లో స్థాపింపబడెను. మన దేశమున 1995లో పాండిచ్చేరియందు అట్టిది వెలసెను. ఆ పేరు గల కళాశాలకై మన విద్యార్థులు వెదకుచు గూర్చుండ నక్కరలేదు. పదవ తరగతి పిదప ఇంటర్మీడియేటులో పౌరశాస్త్ర, అర్థశాస్త్ర, వాణిజ్యశాస్త్రముల శాఖ కలదు. కొన్ని పాలిటెక్నిక్కులలో కమర్షియల్ అండ్ కంప్యూటర్ ప్రాక్టీస్ డిప్లొమా మూడేండ్ల చదువు. ఆపైన బి.కాం. పట్టమునకు 1916లో సీడెడ్ డిస్ట్రిక్ట్స్ కాలేజిగా ఆరంభమైన అనంతపురపు ఆర్ట్స్ కళాశాలయు, ఇంకను పై చదువునకు 1981లో విశ్వవిద్యాలయమైన శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమును సమీపముననే యున్నవి. పగలు పనికి బోవువారికి 1985లో నెలకొన్న ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము కలదు.

ఈ తరగతుల పాఠ్యపుస్తకములలో ఉదాహరణములు తరచుగా కర్మాగారములవే యుండుట మాకు నచ్చని విషయము. చదువువాడు యంత్రమున్నచోట ఎద్దులను, గిడ్డంగి యున్నచోట ఇంటి గాదెను వ్రాసికొని లెక్క చేయవచ్చును. వచ్చు వేసవి సెలవులలో ఉన్నత తరగతుల విద్యార్థులు తమ యింటి గత సంవత్సరపు పంటకు జమాఖర్చు వ్రాసి, తల్లి చేసిన పనికిని కూలి కట్టి, మిగులెంతయో తండ్రికి చూపుదురు గాక.