వంపినా వంపినా నిండే చెంబు

పిల్లల మ్యాజిక్ షోలో బల్ల చివర తరచూ ఒక ఇత్తడి చెంబు కనిపిస్తుంది. ఇంద్రజాలికుడు మొదట్లోనే దాన్ని బకెట్లోకి బోర్లించేస్తాడు. రెండుసార్లు విదిలించి, చుక్క కూడా లేదని చూపించి పక్కన పెడతాడు. రుమాళ్ల రంగులు మారతాయి, తెగిన తాడు అతుక్కుంటుంది. మధ్యలో ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ ఆ చెంబెత్తి వంపుతాడు. ధారగా నీళ్లు! ఇంకో ఐటం, ఇంకోసారి నీళ్లు. మూడోసారి చెయ్యి చాపేసరికి ముందు వరసలో పిల్లలు "ఉన్నాయి, ఉన్నాయి!" అని అరుస్తారు.

ఇంద్రజాలికులు ఏ దేశం వాళ్లయినా దీన్ని లోటా అనే అంటారు. దీనితో చేసే ఐటానికి 'వాటర్ ఆఫ్ ఇండియా' అన్న పేరు స్థిరపడింది. 1913లో ఇప్పటి బంగ్లాదేశ్‌లోని టంగాయిల్‌లో పుట్టి, 'ఇంద్రజాల్' ప్రదర్శనతో దేశదేశాలు తిరిగి, 1971లో జపాన్ పర్యటనలోనే కన్నుమూసిన పి.సి.సర్కార్ దీన్ని తన ప్రదర్శనలో ఒక ఐటానికీ ఇంకో ఐటానికీ మధ్య పదేపదే చేసేవాడు. ఏనుగంత సామాన్లతో కిక్కిరిసిన రంగస్థలం మీద ఒక చెంబుకు అంత చోటు దక్కిందంటే అందులో ఉన్న సత్తా అలాంటిది.

ఆ సత్తా అంతా దాని కడుపులో ఉంది. బయటికి ఒకటే చెంబు. లోపల మూతి నుంచి అడుగు దాకా ఒక సన్నటి గొట్టం దిగి ఉంటుంది. ఆ గొట్టానికీ చెంబు గోడకీ మధ్య ఉన్న జాగా అంతా దొంగ అర. గొట్టం అడుగున మూడు నాలుగు మిల్లీమీటర్ల బెజ్జం ఒకటి ఈ రెంటినీ కలుపుతుంది. చెంబు మెడ దగ్గర, పట్టుకున్నప్పుడు బొటనవేలు సహజంగా ఆనేచోట, అరలోకి గాలి వెళ్లే బెజ్జం ఇంకొకటి. అంతే. స్ప్రింగు లేదు, మర లేదు, అయస్కాంతం లేదు.

నీళ్లు నింపేటప్పుడు పై బెజ్జం తెరిచి ఉంటే గొట్టంలో పోసిన నీరు అడుగు బెజ్జం గుండా అరలోకి పాకి, రెండు చోట్లా ఒకే మట్టానికి వస్తుంది. వంపేముందు బొటనవేలు పై బెజ్జాన్ని మూస్తుంది. గొట్టంలో నీళ్లు మాత్రం పోతాయి. అరలో నీళ్లు బయటికి రావాలంటే వాటి స్థానంలోకి గాలి రావాలి. పై దారి మూసేశారు. అడుగు బెజ్జం దగ్గర నీటి తలతన్యత ఆ చిన్న ద్వారానికి పొరలా అడ్డుపడి గాలి బుడగను లోపలికి రానివ్వదు. చెంబును పూర్తిగా తలకిందులు చేస్తే అడుగు బెజ్జమే పైకి పోతుంది, అరలో నీరు మెడ వైపు చేరుతుంది, అక్కడ ఉన్న ఒకే ఒక్క దారిని బొటనవేలు కాపలా కాస్తుంటుంది. చెంబును బల్ల మీద పెట్టి వేలు తీయగానే గాలి అరలోకి వెళ్తుంది, నీరు మళ్లీ గొట్టంలోకి ఎగబాకుతుంది.

ఎన్నిసార్లు వంపవచ్చు? కొంచెం లెక్క చూస్తే ముచ్చటగా ఉంటుంది. రెండు లీటర్లు పట్టే చెంబులో గొట్టం వైశాల్యం ఒక వంతు, అర వైశాల్యం నాలుగు వంతులు అనుకుందాం. వంపిన ప్రతిసారీ ఉన్న నీటిలో ఐదో వంతు పోతుంది. మొదట 400 మిల్లీలీటర్లు, తర్వాత 320, తర్వాత 256, ఆపైన సుమారు 205, 164. ఐదుసార్లు ధారగా వంపాక కూడా లోపల ఇంకా 650 మిల్లీలీటర్లకు పైగానే మిగిలి ఉంటాయి. గొట్టాన్ని వెడల్పు చేస్తే మొదటి ధార భారీగా ఉంటుంది కానీ చెంబు త్వరగా అలసిపోతుంది. మరీ సన్నం చేస్తే పది పదిహేనుసార్లు వస్తుంది కానీ ధార పిల్లలకు ఆనదు. మంచి లోటా చేసే పనివాడి నేర్పు ఈ నిష్పత్తిలోనే ఉంది.

ఇంకో సూక్ష్మం ఉంది. నిండు చెంబును మొదటిసారి వంపినప్పుడు అరలో గాలి దాదాపు లేదు కాబట్టి ధార తెగినట్టు ఆగిపోతుంది. మూడు నాలుగుసార్లయ్యాక అరలో, చెప్పాలంటే, 800 మిల్లీలీటర్ల గాలి చేరి ఉంటుంది. వాతావరణ పీడనం సుమారు పది మీటర్ల ఎత్తు నీటిని మోయగలదు. పది సెంటీమీటర్ల నీటిని ఆపడానికి లోపలి గాలి పీడనం ఒక్క శాతం తగ్గితే చాలు. కానీ అలా తగ్గాలంటే ఆ గాలి ఒక్క శాతం వ్యాకోచించాలి, అంటే ఎనిమిది మిల్లీలీటర్ల నీరు బెజ్జంలోంచి జారాలి. ధార ఆగాక కూడా ఒకటి రెండు చెంచాల నీళ్లు చుక్కలుగా రాలడానికి కారణం ఇదే. అనుభవమున్న ఇంద్రజాలికుడు ఆ చుక్కల కోసం ఆగి, చెంబును గట్టిగా విదిలించి, అప్పుడు అయిపోయిందంటాడు.

ఈ చెంబు పూర్వీకుల కోసం వెతికితే చాలా దూరం వెళ్లాలి. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో సిసిలీ దీవికి చెందిన తత్త్వవేత్త ఎంపిడాక్లిస్, ఒక బాలిక కంచు పాత్రతో నీళ్లలో ఆడుకోవడాన్ని తన రచనలో వర్ణించాడు. అడుగున జల్లెడలా బెజ్జాలు, పైన సన్నటి మెడ ఉన్న ఆ పాత్ర ద్రవాలు తోడడానికి వాడేది. మెడను చేత్తో మూసి నీళ్లలో ముంచితే నీరు లోపలికి రాదు. ముంచి నింపాక మూసి ఎత్తితే నీరు కిందికి పోదు. కంటికి కనిపించని గాలి కూడా చోటు ఆక్రమించే పదార్థమేనన్న ఎరుక అందులో ఉంది. పిల్లల చేతిలో ఆటవస్తువుగానే ఈ విజ్ఞానం పుస్తకాలకెక్కడం ఎంతైనా సంతోషించాల్సిన విషయం.

క్రీస్తుశకం 1వ శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో హీరో అనే ఆయన రాసిన వాయుయంత్రాల గ్రంథంలో ఇలాంటి మాయ పాత్రలు చాలానే ఉన్నాయి. ఏ బెజ్జం మీద వేలు పెడితే ఏ ద్రవం రావాలో నిర్ణయించే కూజాలు ఉన్నాయి. 9వ శతాబ్దంలో బాగ్దాద్‌కు చెందిన బనూ మూసా సోదరులు ముగ్గురు సుమారు వంద యంత్రాలను వివరిస్తూ రాసిన పుస్తకంలోనూ అధిక భాగం ఈ తరహా కూజాలే. మన దేశంలో వసుదేవుడి గిన్నె దీనికి దగ్గర చుట్టం. గిన్నెలో వసుదేవుడి బొమ్మ, అతని చేతుల్లో పసి కృష్ణుడు. నీళ్లు పోస్తూ పోతే, అవి కృష్ణుడి పాదాన్ని తాకగానే అడుగు నుంచి అన్నీ ఖాళీ అయిపోతాయి. యమున దారి ఇచ్చిన కథను బొమ్మలో దాచిన సైఫన్ అది. లోటాలో గాలిని ఆపడం కీలకమైతే, ఇక్కడ వంపు తిరిగిన గొట్టం కీలకం.

పాత్రలు పనిచేస్తూనే ఉన్నా, ఎందుకు పనిచేస్తున్నాయో చెప్పడానికి మాత్రం చాలా కాలం పట్టింది. ప్రకృతి శూన్యాన్ని సహించదు, అందుకే నీరు ఆగిపోతుంది అని అరిస్టాటిల్ అనుచరులు వివరించేవారు. మరి చూషక పంపులు పది మీటర్లకు మించి నీటిని ఎందుకు ఎత్తలేవన్నది గెలీలియో ముందున్న చిక్కుముడి. అతని శిష్యుడు టోరిచెల్లి 1643లో పాదరసంతో చేసిన ప్రయోగం దాన్ని విప్పింది. పాదరసం 76 సెంటీమీటర్ల దగ్గర నిలిచింది. నీటిని పట్టి ఉంచుతున్నది శూన్యమంటే ప్రకృతికున్న భయం కాదు, మన నెత్తి మీది గాలి బరువు.

ఆ తర్వాత ఈ ఉపాయం దర్జాగా రంగస్థలమెక్కింది. గడియారాల పని నేర్చుకుని ఇంద్రజాలికుడైన ఫ్రెంచివాడు రాబర్ట్ హూడిన్ 1847లో పారిస్‌లో 'తరగని సీసా' ప్రదర్శించాడు. ప్రేక్షకులు ఏ పానీయం అడిగితే ఆ పానీయం ఒకే సీసాలోంచి వచ్చేది. లోపల కొన్ని అరలు, ఒక్కో అరకు సీసా పక్కన ఒక్కో సూది బెజ్జం, ఆ బెజ్జాల మీద వేళ్లు. పిల్లనగ్రోవి వాయించినట్టు ఏ వేలు లేపితే ఆ పానీయం. లోటా దాని కంటే నిరాడంబరమైనది. నిరాడంబరమైనది కాబట్టే పాఠశాల వరండాలో, పుట్టినరోజు పందిట్లో కూడా ఇమిడిపోతుంది.

ఇంత సరళమైన పరికరం పాడవడం కూడా అంతే సరళంగా జరుగుతుంది. దొంగ అరలోకి బ్రష్షు వెళ్లదు, కన్ను వెళ్లదు. బోరు నీళ్లు వాడితే తెల్లటి గార అడుగు బెజ్జం చుట్టూ పేరుకుంటుంది. బెజ్జం కొంచెం పూడినా గొట్టం నిండడానికి రెట్టింపు సమయం పడుతుంది, రెండో ఐటం అయ్యేసరికి గొట్టంలో నీళ్లు సగానికి కూడా రావు. గోరువెచ్చటి నీళ్లలో నిమ్మరసమో వెనిగరో కలిపి కొంతసేపు ఉంచి కడిగేస్తే గార కరుగుతుంది. మొండికేస్తే సన్నటి మొద్దు పుల్లతో తొలగించాలి. సూదితోనో మేకుతోనో గెలికితే బెజ్జం పెద్దదవుతుంది. బెజ్జం పెద్దదైతే తలతన్యత ఓడిపోతుంది, గాలి గుడగుడమంటూ లోపలికి దూరుతుంది, మొత్తం రహస్యం ఒకేసారి బకెట్లోకి దూకుతుంది.

రెండో శత్రువు మాటు దగ్గర ఉంటుంది. గొట్టాన్ని మూతికి అతికినచోట వెంట్రుకంత పగులు వచ్చినా అరలోకి గాలి చేరి ధార ఆగకుండా కారుతుంది. పరీక్ష తేలిక. అడుగు బెజ్జాన్ని మైనంతో మూసి, పై బెజ్జానికి సన్నటి ప్లాస్టిక్ గొట్టం తొడిగి, చెంబును నీటి తొట్టిలో ముంచి ఊదాలి. బుడగలు ఎక్కడ లేస్తే అక్కడ మాటు వేయించాలి. మైనం తీయడం మరిచిపోకూడదు.

షో అయ్యాక చెంబును ఇంటికి తెచ్చి మూత ఉన్న పెట్టెలో పడేయడం చాలామంది చేసే పని. దానివల్లే లోపల చిలుము పడుతుంది. పై బెజ్జం తెరిచి, చెంబును అటూ ఇటూ వంచుతూ నీళ్లన్నీ జార్చి, గాలి తగిలేచోట పూర్తిగా ఆరనివ్వాలి. బయటి ఇత్తడిని చింతపండుతో తోమవచ్చు, కానీ ఆ గుజ్జు గాలి బెజ్జంలో చేరకుండా చూసుకోవాలి. పాలు, షర్బత్ పోసి కొత్తదనం చూపిద్దామన్న ఆలోచన అసలే వద్దు. అరను శుభ్రం చేసే దారి లేదు. అదే కారణంగా ఈ నీళ్లు పిల్లలకు తాగడానికి ఎప్పుడూ ఇవ్వకూడదు. పాత చెంబుల మాటులో సీసం కూడా ఉండవచ్చు.

ఇక చూపించే తీరు. పిల్లలు నేల మీద కూర్చుంటే వారి చూపు కింది నుంచి వస్తుంది, చెంబు మూతిలోపలి గొట్టం కనబడదు. పక్కన మెట్ల మీదో, బాల్కనీలోనో నిలబడ్డవాడికి అది దొరికిపోతుంది. అందుకే అనుభవజ్ఞులు ముందు చెంబు స్థలం చూసుకుని తర్వాత మిగతా సామాను సర్దుతారు. నీళ్లు వంపే చోటికి మైకు తీగలు దూరంగా ఉండాలి, బకెట్టు కింద మందపాటి గుడ్డ పరవాలి. సహాయానికి పిలిచిన పిల్ల పరుగున వచ్చి తడి నేల మీద జారితే ఏ మాయా ఆదుకోదు.

వంపిన నీళ్లను పొడవాటి సన్న గ్లాసులో పట్టడం మంచి పద్ధతి. దీని వెనక కూడా శాస్త్రం ఉంది. స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త జీన్ పియాజే (1896–1980) పిల్లల ముందే ఒక గ్లాసులో నీళ్లను వెడల్పు తక్కువ ఉన్న పొడవాటి గ్లాసులోకి మార్చి, ఇప్పుడు ఎక్కువయ్యాయా అని అడిగేవాడు. ఏడేళ్ల లోపు పిల్లల్లో చాలామంది ఎక్కువయ్యాయనే చెప్పారు. వాళ్లకు మట్టం ఎత్తే కొలత. ప్రేక్షకుల్లో ఒకటో తరగతి వాళ్లుంటే తగ్గుతున్న ధార కూడా సన్న గ్లాసులో నిండుగా కనిపిస్తుంది. ఐదో తరగతి పిల్లలు మాత్రం బకెట్లో నీళ్లు ఎంత పెరిగాయో చూస్తారు, చెంబు బయటి సైజు అంచనా వేస్తారు. ఒకే చెంబు ఆ రెండు వయసుల వాళ్లకూ రెండు వేర్వేరు అద్భుతాలు చూపిస్తుంది.

తెలుగునాట ఇంద్రజాలాన్ని జనానికి దగ్గర చేసిన బి.వి.పట్టాభిరామ్ మనస్తత్వ శాస్త్రవేత్త కూడా. నిప్పుల మీద నడిచి చూపించిన విజయవాడ నాస్తిక కేంద్రం, మహిమల గుట్టు విప్పుతూ బడులు తిరిగే జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు మాయను చూపి ఊరుకోలేదు, మాయ వెనక కారణాన్ని కూడా పిల్లల ముందు పెట్టారు. లోటాకు ఈ దారి బాగా నప్పుతుంది. దాని సూత్రం రెండు వేల ఏళ్లుగా పుస్తకాల్లో ఉన్నదే, చెబితే ఎవరి పొట్టా కొట్టినట్టు కాదు. పైగా తెలిశాక ఆశ్చర్యం తగ్గదు. ఇంత చిన్న బెజ్జంతో ఇదంతా జరిగిందా అనిపించి రెట్టింపవుతుంది.

సైన్సు చెప్పే ఉపాధ్యాయులు ఒక లీటరు ప్లాస్టిక్ సీసా తీసుకుని, అడుగున సూదితో చిన్న బెజ్జం పెట్టి, నీళ్లు నింపి మూత బిగించండి. ధార ఆగుతుంది. మూత వదులు చేయండి, కారుతుంది. తర్వాత ఆ సీసాను పిల్లల చేతికే ఇచ్చేయండి.