కాలంలో వెనక్కి వెళ్లే నవల.. బనగానపల్లెలో మొదలైతే?

బనగానపల్లెలో నవాబు బంగ్లాకు దారి అడిగితే ‘అరుంధతి బంగ్లానా?’ అని ఎదురడుగుతారు. 2009లో వచ్చిన ‘అరుంధతి’ సినిమాలో కొంత భాగం ఇక్కడ తీశారు. సినిమా కథ జరిగేదేమో గద్వాలలో! నవాబుల బంగ్లాకు సినిమా పేరు స్థిరపడిపోయింది, నవాబుల ముచ్చట వెనక్కి పోయింది.

ఇలా వెనక్కి పోయిన కాలంలోకి పాఠకుణ్ని తీసుకెళ్లేవే టైమ్ ట్రావెల్ నవలలు. హెచ్.జి.వెల్స్ 1895లో రాసిన ‘ది టైమ్ మెషీన్’ భవిష్యత్తులోకి పోతుంది. మన ‘ఆదిత్య 369’ సినిమా (1991) శ్రీకృష్ణదేవరాయల కాలానికీ తీసుకెళ్లింది, రాబోయే కాలానికీ తీసుకెళ్లింది.

గతంలోకి వెళ్లే కథలో ప్రేమ ఎందుకంత పండుతుంది? వెళ్లినవాడికి ముందు జరగబోయేది తెలుసు, అక్కడి అమ్మాయికి తెలియదు. చెబితే నమ్మదు, చెప్పకుండా ఉండలేడు. పైగా ఏదో ఒకరోజు తిరిగి రావాల్సిందే. మిస్టరీ కూడా అలాంటిదే. ఇవాళ చేతికి దొరికిన పాత కాగితం వెనుక అసలేం జరిగిందో అక్కడికే పోయి చూడటం.

అమెరికా రచయిత్రి ఆక్టేవియా బట్లర్ రాసిన ‘కిండ్రెడ్’ (1979) ఇందుకు మంచి ఉదాహరణ. ఓ నల్లజాతి యువతి బానిసత్వపు రోజుల్లోకి వెళ్లి, తెల్ల యజమాని కొడుకును పదేపదే కాపాడాల్సి వస్తుంది. కారణం, అతను ఆమె పూర్వీకుడు. అతను ముందే పోతే ఆమె వంశమే లేదు.

బనగానపల్లెకు ఇలాంటి కథకు సరిపడా చరిత్ర ఉంది. 17వ శతాబ్దంలో బీజాపూర్ సుల్తానుల కింద జాగీరు. ఆ తర్వాత మొగలులు, మైసూరు, నిజాం, బ్రిటిష్ వాళ్ల నీడలో నెగ్గుకొచ్చిన చిన్న సంస్థానం. 1948 ఫిబ్రవరిలో మద్రాసు రాష్ట్రంలో కలిసిపోయింది.

ఆ చివరి రోజుల్లోకి వెళ్లే కథ అనుకుందాం. నానీ పెట్టెలో దొరికిన నిఖానామా మీద హిజ్రీ 1367 అని ఉంది. హిజ్రీ మొదలైంది 622లో కదా అని మనవడు రెండూ కూడితే 1989 వస్తుంది. అది తప్పు. హిజ్రీ ఏడాది చంద్రమానం, మన క్యాలెండర్ కంటే దాదాపు 11 రోజులు తక్కువ. అందుకే హిజ్రీ సంఖ్యను 0.97తో గుణించి 622 కలపాలి. అప్పుడు 1948 వస్తుంది. అదే పెట్టెలోని భూమి కాగితం మీద ఫసలీ 1357 అని ఉంటుంది. ఫసలీకి 590 కలిపితే 1947. ఆ ఫసలీ 1947 జులైలో మొదలై 1948 జూన్‌తో ముగిసింది. చూడ్డానికి పదేళ్ల తేడా, నిజానికి రెండూ ఒకే కాలం కాగితాలు. చిక్కుముడి విప్పడానికి కథానాయకుడికి ఇంతకంటే మంచి ఆధారం దొరకదు.

కథలో ప్రేమ కల్పన కావచ్చు, తేదీలు మాత్రం నిజమై ఉండాలి. ఆ తేదీలు మన ఇళ్లలోనే ఉన్నాయి. అయితే అవి చాలావరకు ఉర్దూలో, ఫార్సీలో ఉన్నాయి. తెలుగు మీడియంలో, ఇంగ్లిష్ మీడియంలో చదివిన పిల్లలు వాటిని చదవలేరు. చదివి చెప్పగల పెద్దలు ఏటికేడు తగ్గిపోతున్నారు. ఈ సెలవుల్లో పెట్టె తెరిచి, ఒక్కో కాగితాన్ని ఫోన్‌లో ఫొటో తీసి, దాదానో నానీనో చదవమని అడిగి, అర్థం తెలుగులో రాసి పెట్టుకుంటే చాలు. నవల రాసేవాళ్లు రేపెవరైనా పుట్టొచ్చు. చదివి చెప్పేవాళ్లు ఇవాళే ఉన్నారు.